వాచీ బెజెల్ ఇంట్లో మార్చుకోవచ్చా? మార్చుకోవచ్చు, కానీ ముందు పాడైంది ఏదో చూడండి

మీరు అడిగింది ఇదీ: డైవర్ రకం స్టీల్ వాచీ. గ్లాస్ చుట్టూ తిరిగే రింగు మీద అంకెలు వెలిసిపోయాయి, ఒకచోట లోతుగా గీత పడింది, తిప్పితే బాగా గట్టిగా ఉంది. కొత్త బెజెల్ తెప్పించి ఇంట్లోనే మార్చుకోవచ్చా, మామూలు కత్తితో పని అవుతుందా, రింగుని సమానంగా నొక్కి కూర్చోబెట్టే ప్రెస్ కొనాల్సిందేనా, ఆ తర్వాత వాచీ నీళ్లలో తడిస్తే పర్వాలేదా అని.

మార్చుకోవచ్చు. మీరు చెప్పిన రకం వాచీలో వెనక మూత తీయక్కర్లేదు, లోపలి మెషీన్ జోలికి వెళ్లక్కర్లేదు. వాచీ పని కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇంతకంటే మంచి పని దొరకదు. అయితే బెజెల్ ఊడదీయడానికి పట్టేది నిమిషాలే. దానికి ముందు చూసుకోవాల్సినవి, కొలుచుకోవాల్సినవే ఎక్కువ. బాగుచేయమని నా దగ్గరికి వచ్చే వాచీల్లో కత్తి జారి పాడైనవి తక్కువ. తీయకూడని బెజెల్‌ని తీయబోయి పాడైనవి, పట్టని రింగుని బలవంతంగా నొక్కి పాడైనవి ఎక్కువ.

ముందు పేర్లు తేల్చుకుందాం, లేకపోతే ఒకటి ఆర్డర్ పెడితే ఇంకొకటి వస్తుంది. గ్లాస్ చుట్టూ ఉండి వేళ్లతో పట్టుకుని తిప్పే లోహపు రింగు బెజెల్. దాని మీద ఒక గాడిలో అతికించి ఉండే పల్చటి బిళ్ల, అంటే అంకెలు, గీతలు, పన్నెండు దగ్గర త్రికోణం ఉండే భాగం ఇన్‌సర్ట్. మీకు వెలిసిపోయింది ఇన్‌సర్ట్. గీత పడింది కూడా దాని మీదే అయితే బెజెల్ మొత్తం కొనాల్సిన పనే లేదు, ఇన్‌సర్ట్ ఒక్కటి చాలు. పళ్ల అంచు అరిగిపోయి వేళ్లకు జారుతుంటేనో, రింగు సొట్టపోతేనో, లోపలి పళ్లు అరిగి ఎటు తిప్పినా ఆగకుండా తిరుగుతుంటేనో అప్పుడు లోహపు రింగు మార్చాలి. బెజెల్ మార్చాలని అడిగేవాళ్లలో ఎక్కువమందికి నిజానికి కావాల్సింది ఇన్‌సర్టే.

గట్టిగా తిరగడం అసలు రిపేరు కాకపోవచ్చు. రోజూ పెట్టుకునే వాచీలో బెజెల్ కింద చర్మం జిడ్డు, చెమట ఉప్పు, దుమ్ము కలిసి గట్టిపడతాయి. క్రౌన్ (టైము మార్చడానికి తిప్పే పక్క మర) పూర్తిగా బిగించి, గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క వేసి, వాచీని కొద్దిసేపు ఉంచి మెత్తటి టూత్‌బ్రష్‌తో అంచు చుట్టూ రుద్దుతూ బెజెల్ తిప్పండి. చాలాసార్లు నల్లటి మడ్డి బయటికి వచ్చి రింగు మళ్లీ హాయిగా తిరుగుతుంది. వాచీ లోపలికి నీళ్లు వెళ్లవని నమ్మకం ఉంటేనే ఇది చేయండి. పాత వాచీకో, గ్యాస్కెట్లు (నీళ్లు లోపలికి వెళ్లకుండా ఆపే రింగులు) ఎప్పుడు మార్చారో తెలియని వాచీకో తడిబట్టతో సరిపెట్టుకోండి. వేడి నీళ్లు ఏ వాచీకీ వద్దు.

ఇక మీ బెజెల్ ఏ రకమో చూడాలి. ఇది తేలకుండా కత్తి చేతిలోకి తీసుకోవద్దు.

మీది ఒకవైపే, ముల్లు తిరిగే దిశకు ఎదురుగా, టక్ టక్‌మంటూ తిరిగే రకం అనుకుంటున్నాను. డైవర్ వాచీల్లో ఇలా ఒకవైపే తిరగడానికి కారణం ఉంది. నీళ్లలో దిగేవాళ్లు బెజెల్ మీది త్రికోణాన్ని నిమిషాల ముల్లుకు ఎదురుగా పెట్టి ఎంతసేపైందో చూసుకుంటారు. ఏదైనా తగిలి రింగు పొరపాటున కదిలినా గడిచిన సమయం ఎక్కువగానే కనిపించాలి, తక్కువగా కనిపించకూడదు. ఎక్కువ కనిపిస్తే మనిషి ముందే పైకి వస్తాడు, తక్కువ కనిపిస్తే గాలి అయిపోయేదాకా ఉండిపోతాడు. డైవర్ వాచీల ప్రమాణం ఐఎస్ఓ 6425 కూడా రింగు పొరపాటున తిరగకుండా రక్షణ ఉండాలనే అంటుంది. అందుకే బెజెల్ మార్చాక క్లిక్కులు సరిగ్గా పడుతున్నాయా లేదా అన్నది చూడాలి. డైవింగ్‌కి వాడేవాళ్లకైతే అది అందం విషయం కాదు.

ఇలాంటి తిరిగే బెజెల్ దాదాపు ఎప్పుడూ కేస్ (వాచీ లోహపు ఒళ్లు) అంచుకు పైనుంచి నొక్కి పట్టించినదే. మధ్యలో ఒక రబ్బరు రింగో, వంచిన సన్నటి తీగో దాన్ని పట్టి ఉంచుతుంది. గ్లాస్ వేరుగా, దాని సొంత గ్యాస్కెట్‌తో కేస్‌లో కూర్చుని ఉంటుంది. కాబట్టి బెజెల్ ఊడినా నీటి రక్షణకు ఏమీ కాదు. సీకో ఎస్‌కేఎక్స్007 ఇందుకు మంచి ఉదాహరణ. 1996లో వచ్చి 2019లో ఆగిపోయిన ఈ వాచీకి బయట భాగాలు దొరికినంతగా ఇంకో వాచీకి దొరకవు. వోస్టోక్ ఆంఫిబియా ఇంకా సులువు, దాని బెజెల్ తీగ స్ప్రింగు మీద కూర్చుంటుంది, క్లిక్కులు ఉండవు, గోటితోనో పల్చటి బ్లేడుతోనో వచ్చేస్తుంది. చెయ్యి అలవాటు చేసుకోవాలనుకునేవాళ్లకు నేను ముందు చెప్పేది ఆ వాచీయే.

కదలని బెజెల్ సంగతి వేరు. చాలా వాచీల్లో అదే గ్లాస్‌ని, దాని చుట్టూ ఉన్న ప్లాస్టిక్ గ్యాస్కెట్‌ని బిగించి పట్టుకుని ఉంటుంది. అది తీస్తే గ్లాస్ వదులైపోతుంది, నీటి రక్షణ అక్కడితో సరి. రోలెక్స్ 1926లో ఆయిస్టర్ కేస్ తెచ్చినప్పుడు బెజెల్ చుట్టూ ఉన్న గాళ్లు అలంకారం కోసం పెట్టినవి కావు, పనిముట్టుతో పట్టుకుని కేస్‌కి బిగించడానికి పెట్టినవి. ఇప్పుడవి అందానికే ఉన్నా, ఆ రకం బెజెల్ ఇంట్లో ముట్టుకోదగ్గది కాదు. 1972లో వచ్చిన ఆడమార్ పిగే రాయల్ ఓక్ మీద కనిపించే ఎనిమిది స్క్రూలు చూసి ముందునుంచి తిప్పబోయేవాళ్లు ఉంటారు. వాటి ఆరు పలకల తలలు బెజెల్‌లోని గుంటల్లో ఇరుక్కుని ఉంటాయి, అసలు తిరగవు, బిగింపంతా వెనకనుంచే. అలాంటి వాచీలు, పాత వాచీలు, బంగారు బెజెళ్లు సర్వీస్ చేసేవాళ్లకే ఇవ్వండి.

పాత వాచీల గురించి ఒక్క హెచ్చరిక. 1960ల మొదటివరకు చీకట్లో మెరిసే పెయింటులో రేడియం వాడేవారు. మెరుపు ఎప్పుడో పోయినా రేడియోధార్మికత పోదు. అలాంటి వాచీలో బెజెల్ మీదున్న చుక్కని గోకడం, ఊదడం, రాలిన పొడిని చేత్తో తుడవడం ఏదీ చేయవద్దు.

జీ-షాక్ లాంటి రెసిన్ వాచీ ఉన్నవాళ్లు కూడా ఇదే ప్రశ్న అడుగుతుంటారు కాబట్టి రెండు మాటలు. వాటిలో బెజెల్ అంటే మొత్తం బయటి తొడుగు. ఏళ్ల తరబడి తేమ, చెమట తగిలి రెసిన్ పెళుసుబారి ముక్కలైపోతుంది. పక్కల ఉన్న చిన్న స్క్రూలు తీస్తే తొడుగు వచ్చేస్తుంది, చాలా మోడళ్లలో వెనక మూత తీయక్కర్లేదు. ఒక్కటే జాగ్రత్త, స్క్రూ తలకు సరిగ్గా సరిపోయే డ్రైవర్ వాడండి. కాస్త చిన్నది వాడితే తల అరిగిపోయి ఇక జన్మలో రాదు. కొత్త తొడుగు కొనేముందు వెనక మూత మీద రాసి ఉన్న మోడల్ పేరు మొత్తం చూసుకోండి. ఒకేలా కనిపించే రెండు మోడళ్ల తొడుగులు ఒకదానికొకటి పట్టకపోవచ్చు.

మీ వాచీకి వద్దాం. కొనేముందు కొలవండి. డిజిటల్ కాలిపర్ ఒకటి కావాలి, స్కేలుతో కుదరదు. ఇన్‌సర్ట్ బయటి వ్యాసం, లోపలి వ్యాసం, మందం మూడూ కావాలి. ఈ పనిలో 0.1 మిల్లీమీటరు తేడా అంటే పెద్ద తేడానే. బయటి వ్యాసం అంత ఎక్కువైతే బిళ్ల గాడిలో దిగదు, అంత తక్కువైతే అతికించేటప్పుడు అటూఇటూ జారుతుంది. మందం మర్చిపోయేవాళ్లే ఎక్కువ. ఇన్‌సర్ట్ బెజెల్ అంచుకంటే పైకి వస్తే ప్రతి తలుపు చట్రం దానికే తగులుతుంది. గ్లాస్ కంటే ఎత్తుగా ఉంటే చూడ్డానికీ వికారంగా ఉంటుంది. ఏటవాలు ఇన్‌సర్టా, చదును ఇన్‌సర్టా అన్నది కూడా చూడండి, ఒకదాని స్థానంలో ఇంకొకటి పెడితే గ్లాస్ అంచుతో కుదరదు. ఎస్‌కేఎక్స్007 ఇన్‌సర్ట్ బయటి వ్యాసం 38 మిల్లీమీటర్లు. చూడటానికి దాని తమ్ముడిలా ఉండే ఎస్‌కేఎక్స్013 కేస్ చిన్నది, దీని భాగాలు దానికి పట్టవు. మోడల్ నంబరు వాచీ వెనక ఉంటుంది, దాని పేరు మీద అమ్మే భాగమే తీసుకోండి. 'అన్ని 40 మిల్లీమీటర్ల వాచీలకూ సరిపోతుంది' అని రాసి ఉంటే ఆ పేజీ మూసేయండి.

అల్యూమినియమా, సిరామిక్కా అని అడుగుతారు కాబట్టి అదీ చెబుతాను. అల్యూమినియం ఇన్‌సర్ట్ గీతలు పడుతుంది, రంగు వెలుస్తుంది, కానీ కింద పడితే పగలదు. సిరామిక్ అంటే ఇక్కడ జిర్కోనియా, గట్టిదనంలో స్టీలు దాని ముందు నిలవదు. గీత పడదు, రంగు పోదు. దెబ్బ తగిలితే మాత్రం పగులుతుంది. ఊడదీసేటప్పుడు కూడా అంతే, ఒకవైపు ఎత్తితే పుటుక్కున విరుగుతుంది. మొదటిసారి చేసేవాళ్లకు నేనైతే అల్యూమినియమే చెబుతాను. సరిగ్గా కూర్చోకపోతే తీసి మళ్లీ పెట్టే అవకాశం కొంతైనా ఉంటుంది.

పనిముట్లు ఎక్కువేం అక్కర్లేదు. వాచీ వెనక మూతలు తెరిచే కేస్ నైఫ్, అంటే పొట్టిగా మందంగా ఉండి మొన లేని బ్లేడు ఉన్నది. వంటింటి కత్తి, కాగితాలు కోసే బ్లేడు రెండూ వద్దు. మొదటిది మందం, రెండోది వంగి విరిగిపోతుంది, విరిగిన ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం. ఇవి కాక కేస్‌కి అంటించడానికి మాస్కింగ్ టేప్, ఒక భూతద్దం, చెక్క టూత్‌పిక్కులు, కొంచెం సిలికాన్ గ్రీజు, స్ట్రాప్ తీయడానికి స్ప్రింగ్ బార్ టూల్. నాలుగు వైపుల నుంచి దవడలు బెజెల్ కిందికి దూరి సమానంగా పైకి లేపే పనిముట్టు కూడా దొరుకుతుంది. ఒక్క వాచీ కోసం అది కొనక్కర్లేదు, తరచూ చేస్తుంటే మాత్రం చాలా సుఖం.

స్ట్రాప్ తీసేయండి. అది ఉంచుకుని పని చేయాలని చూస్తే వాచీ చేతిలో కుదురుగా నిలవదు, కత్తి జారడానికి అదే మొదటి కారణం. క్రౌన్ లోపలికి నొక్కి బిగించండి. గ్లాస్ మీద, లగ్గుల (స్ట్రాప్ పట్టే కొమ్ముల) మీద, కేస్ పక్కల రెండు మూడు పొరల టేప్ అంటించండి. బెజెల్‌కీ కేస్‌కీ మధ్య సందు మాత్రం కనిపించేలా వదలండి. ఇప్పుడు భూతద్దంతో ఆ సందు చుట్టూ చూడండి. చాలా కేసుల్లో ఒకచోట సందు కాస్త వెడల్పుగా ఉంటుంది, కత్తి దూర్చడానికి కంపెనీ వాళ్లే వదిలిన చోటు అది. అదెక్కడా కనిపించకపోతే రెండు లగ్గుల మధ్య నుంచి మొదలుపెట్టండి, అక్కడ చిన్న గీత పడినా స్ట్రాప్ కింద కనిపించదు. అదే సమయంలో బెజెల్ పక్క అంచులో సూది రంధ్రాల్లాంటివి ఉన్నాయేమో చూడండి. ఉంటే అవి స్క్రూలు. వాటిని వదులు చేయకుండా ఎత్తితే రింగు వంకరపోతుంది.

ఒక లోతైన ట్రేలో తెల్లటి గుడ్డ పరిచి, దాని మీదే పని చేయండి. క్లిక్కులు ఇచ్చే స్ప్రింగు కొన్ని వాచీల్లో వంచిన రేకు, కొన్నింట్లో ఆవగింజంత బాల్, దాని కింద స్ప్రింగు. బెజెల్ లేవగానే అది ఎగిరిపోతుంది. నేల మీద పడితే వెతకడానికి సాయంత్రం సరిపోదు. కళ్లకు అద్దాలు పెట్టుకోండి.

కత్తిని సందులో ఆనించి, బ్లేడు దూరేదాకా మెల్లగా నొక్కండి. కత్తి పట్టుకున్న చేతి బొటనవేలు కేస్‌కి ఆనించి ఉంచితే జారినా దూరం పోదు. వాచీ పట్టుకున్న చేతి వేళ్లు కత్తి దారిలో ఉండకూడదు. బ్లేడు ఒక మిల్లీమీటరు దూరాక డబ్బా మూత తెరిచినట్టు పైకి ఎగదోయకండి, పిడిని అక్కడికక్కడే మెలితిప్పండి. బ్లేడు మందమే బెజెల్‌ని పైకి లేపుతుంది. కాస్త లేచాక ఆ చోటు వదిలి పక్కకు జరగండి, అక్కడ మళ్లీ కొంచెం. చుట్టూ ఇలా తిరుగుతుంటే ఎక్కడో ఒకచోట పట్టు వదిలి రింగు మొత్తం చేతికి వస్తుంది. ఒకేచోట బలం పెట్టి లేపితే రింగు అండాకారంగా సాగుతుంది, ఆ తర్వాత అది మళ్లీ గుండ్రంగా కూర్చోదు. పాత రింగునే మళ్లీ వాడబోతున్న మీకు ఇది మరీ ముఖ్యం. లేవనంటే సందులో సబ్బునీళ్లు ఒక చుక్క వేసి కొద్దిసేపు ఆగి మళ్లీ ప్రయత్నించండి. హెయిర్ డ్రయ్యర్ ఎక్కడైనా వాడదలిస్తే వాచీ మీద కాదు, ఊడదీసిన బెజెల్ మీద.

ఊడాక మొదట చేయాల్సింది ఫోటో తీయడం. రబ్బరు రింగు ఏ గాడిలో ఉంది, స్ప్రింగు ఏ వైపుకి వంగి ఉంది, ఎక్కడ కూర్చుంది అన్నీ కనపడేలా దగ్గర నుంచి తీయండి. రేకు స్ప్రింగు తిరగేసి పెడితే బెజెల్ ఎదురు దిశలో తిరుగుతుంది, లేదా అసలు తిరగదు. లోపల మీరు చూసే మడ్డి గురించి ఆశ్చర్యపోకండి, అది అందరి వాచీలోనూ ఉంటుంది. చెక్క టూత్‌పిక్‌తో గాడి వెంట తీసేయండి, తడి దూదితో తుడవండి. లోహపు సూది వద్దు. రింగుని, రబ్బరుని విడిగా సబ్బునీళ్లలో కడిగి పూర్తిగా ఆరనివ్వండి.

రబ్బరు రింగు చదునుగా అణిగిపోయి ఉంటే, వంచితే పగుళ్లు కనిపిస్తే మార్చండి. ఆ మోడల్‌కి విడిగా దొరుకుతుంది. బాగుంటే సిలికాన్ గ్రీజు వేలికి అంటీ అంటనట్టు తీసుకుని రుద్దండి, రబ్బరు మెరిస్తే చాలు. ఎక్కువ పూస్తే దుమ్మంతా వచ్చి అక్కడే చేరుతుంది. పెట్రోలియం జెల్లీ వాడకండి, కొన్ని రకాల రబ్బరు దానికి ఉబ్బిపోతుంది.

పాత ఇన్‌సర్ట్ ఊడదీయడానికి బెజెల్‌ని తిరగేసి కింద నుంచి టూత్‌పిక్‌తో నెట్టండి. కొన్ని రింగుల్లో అలా నెట్టడానికి వీలుండదు, అప్పుడు డ్రయ్యర్‌తో కాస్త వేడి చేస్తే జిగురు మెత్తబడి పల్చటి బ్లేడుతో లేస్తుంది. అల్యూమినియం బిళ్ల ఊడేటప్పుడు వంగడం మామూలే. అది మళ్లీ పనికొస్తుందన్న ఆశ పెట్టుకోవద్దు. మిగిలిన జిగురుని అసిటోన్‌తో తుడవొచ్చు, కానీ ఒట్టి లోహపు రింగు మీద మాత్రమే. రంగు పూత ఉన్న రింగు మీద, ప్లాస్టిక్ మీద, రబ్బరు మీద అసిటోన్ పడకూడదు. వాటికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మేలు. కొత్త ఇన్‌సర్ట్‌ని జిగురు లేకుండా ఒకసారి గాడిలో పెట్టి చూడండి. సరిపోలేదా, తిరిగి పంపేయండి. అంచు గీకి సరిపెట్టే పని పెట్టుకోవద్దు.

ఇక్కడ చాలామంది ఇన్‌సర్ట్‌ని రింగులో అతికించి ఆపైన రింగుని వాచీకి నొక్కుతారు. నేను వద్దంటాను. ముందు ఖాళీ రింగుని వాచీకి నొక్కి, ఇన్‌సర్ట్‌ని చివర్లో అతికించండి. కారణం చెబుతాను. 120 క్లిక్కుల బెజెల్‌లో ఒక్కో క్లిక్కు 3 డిగ్రీలు, అంటే అర నిమిషం. 60 క్లిక్కులదైతే 6 డిగ్రీలు, ఒక నిమిషం. రింగు ఆ క్లిక్కుల దగ్గరే ఆగుతుంది, మధ్యలో ఆగదు. ఇన్‌సర్ట్ ముందే అతికించేస్తే త్రికోణం రెండు క్లిక్కుల మధ్య పడొచ్చు. ఒక క్లిక్కు తిప్పితే పన్నెండుకి ఎడమ, వెనక్కి రాదు కాబట్టి చుట్టూ తిప్పుకుని వస్తే కుడి. జీవితమంతా అది కంట్లో నలుసే.

నొక్కడం. స్ప్రింగు, రబ్బరు వాటి చోట్లలో పెట్టి, రింగుని చదునుగా వాచీ మీద ఉంచండి. వాచీ కింద మడిచిన గుడ్డ ఉండాలి. రెండు బొటనవేళ్లు ఎదురెదురుగా పెట్టి సమానంగా నొక్కండి, తర్వాత వేళ్లు 90 డిగ్రీలు తిప్పి మళ్లీ నొక్కండి. సరిగ్గా కూర్చున్నప్పుడు టక్కుమన్న శబ్దం చేతికి తెలుస్తుంది. చాలా డైవర్ వాచీల్లో చేతి బలమే చాలు, ప్రెస్ అక్కర్లేదు. ఒకవైపు కూర్చుని ఇంకోవైపు లేస్తుంటే బలం పెంచకండి. తీసి చూడండి, రబ్బరు గాడిలోంచి బయటికి వచ్చి ఉంటుంది, లేదా బాల్ పక్కకు జారి ఉంటుంది. అన్నీ సరిగ్గా ఉన్నా దిగకపోతేనే ప్రెస్. దాని నైలాన్ డై (నొక్కే బిళ్ల) రింగు మీద మాత్రమే ఆనాలి, గ్లాస్‌కి తగలకూడదు. ఉబ్బెత్తు గ్లాస్ ఉంటే మధ్యలో గుంట ఉన్న డై తీసుకోండి. కలప పని చేసే క్లాంపులు, సుత్తి, పుస్తకం పెట్టి మీద నిలబడటం లాంటివి చేసి గ్లాస్ పగలగొట్టుకున్నవాళ్లున్నారు.

రింగు కూర్చున్నాక ఒక పూర్తి చుట్టు తిప్పి చూడండి. ప్రతి క్లిక్కూ ఒకేలా వినిపించాలి. ఒకచోట బిగుసుకుని ఇంకోచోట వదులైతే రింగు ఒరిగి ఉందన్నమాట.

ఇప్పుడు ఇన్‌సర్ట్. ముళ్లు సరిగ్గా 12 మీదికి తెచ్చి క్రౌన్ మళ్లీ బిగించండి. రింగుని ఒక క్లిక్కు తిప్పి వదిలి, ముల్లు తిరిగే దిశలో వేలితో మెల్లగా వెనక్కి నెట్టండి. క్లిక్కు పన్ను అడ్డుపడి ఆగే చోటే దాని అసలు స్థానం. ప్రతి బెజెల్‌లోనూ కొద్దిపాటి వదులు ఉంటుంది, ఆ వదులు మధ్యలో ఎక్కడో ఉండగా అతికిస్తే తర్వాత అంతే తేడా కనిపిస్తుంది. రింగు అంచున పన్నెండు పెద్ద నొక్కుల్లాంటివి ఉంటే వాటిలో ఒకటి 12కి ఎదురుగా వచ్చే క్లిక్కు దగ్గర ఆపండి. సన్నటి పళ్ల అంచు అయితే ఏ క్లిక్కైనా ఒకటే.

కేస్ మీద 12 నుంచి 6 దాకా సన్నటి దారాన్ని టేప్‌తో బిగించి లాగి పెడితే గురి సులువు. ఒక కన్ను మూసి నిట్టనిలువుగా పైనుంచి చూడాలి. కాస్త పక్కనుంచి చూసినా గ్లాస్ మందం వల్ల గీత జరిగినట్టు కనిపిస్తుంది. ఫోన్‌ని కొంచెం దూరంగా పట్టుకుని జూమ్ చేసి చూడటం కంటితో చూడటంకంటే నమ్మదగ్గది. ఒక్కోసారి డయల్ మీది 12 గీత, డయల్ చుట్టూ ఉండే నిమిషాల రింగు మీది గీత రెండూ ఒకదానికొకటి కలవవు. కంపెనీ నుంచే అలా వచ్చిన వాచీలు చాలా ఉన్నాయి. అలాంటప్పుడు దేనికి కలపాలి అంటే, నా లెక్క డయల్ మీది గీతకు. రోజూ కన్ను పడేది దాని మీదే.

అతికించడానికి ఆ సైజుకి కోసిన రెండు వైపులా జిగురున్న రింగు టేప్ మంచిది. ముందు దాన్ని గాడిలో అంటించి, పై కాగితం తీసి, ఇన్‌సర్ట్‌ని పన్నెండు దగ్గర మాత్రమే తాకించి, సరిచూసుకుని, ఆరు దగ్గర దించి, అప్పుడు చుట్టూ నొక్కండి. గట్టిగా నొక్కేముందు ఒక ఫోటో తీసి చూసుకోండి. టేప్ ఒకసారి గట్టిగా పట్టాక తీస్తే అల్యూమినియం వంగుతుంది. సూపర్ గ్లూ వద్దు. అది ఆరేటప్పుడు వచ్చే ఆవిరి గ్లాస్ మీద, రంగు మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది, జిగురు కూడా పెళుసుగా గట్టిపడి దెబ్బకి విడిపోతుంది. పైగా ఒక్క చుక్క సందులోంచి కిందికి కారితే బెజెల్ ఇక తిరగదు. టేప్ పూర్తి పట్టు రావడానికి ఒక రోజు వదిలేయండి, ఆలోపు నీళ్లు తగలనివ్వకండి.

నీళ్ల సంగతి. మీరు తీసింది తిరిగే బెజెల్, గ్లాస్ కదల్లేదు, వెనక మూత తీయలేదు. కాబట్టి మీ వాచీకి ముందు ఎంత నీటి రక్షణ ఉందో ఇప్పుడూ అంతే ఉంటుంది. నొక్కేటప్పుడు గ్లాస్ మీద బలం పడిందని అనుమానం ఉంటే మాత్రం ప్రెజర్ టెస్ట్ చేయించండి. ఇంట్లో గిన్నెడు నీళ్లలో ముంచి బుడగలు వస్తున్నాయా అని చూడటం పరీక్ష కాదు. లీక్ ఉంటే మీరే లోపలికి నీళ్లు పంపినట్టవుతుంది. వాచీల ప్రమాణాల్లో ఉన్న ఒక చిన్న పద్ధతి మాత్రం ఇంట్లోనూ పనికొస్తుంది. వాచీని 40 నుంచి 45 డిగ్రీల దాకా వెచ్చబరిచి, గ్లాస్ మీద గది ఉష్ణోగ్రతలో ఉన్న నీటిచుక్క ఒకటి వేసి, ఒక నిమిషం ఆగి తుడిచేయండి. గ్లాస్ లోపలివైపు మంచు పట్టినట్టు మసక కనిపిస్తే లోపల ఇప్పటికే తేమ ఉంది. కనిపించకపోతే ఈ క్షణానికి లోపల పొడిగా ఉందని మాత్రమే అర్థం, రేపు ఈతకు వెళ్లొచ్చని కాదు. మసక కనిపిస్తే ఆ రోజే వాచీని రిపేరు చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. తేమ లోపల ఉన్న ప్రతి రోజూ మెషీన్‌కి తుప్పు పడుతూనే ఉంటుంది.

వారంటీ ఇంకా ఉంటే ఇవేవీ మొదలుపెట్టకండి, ముందు కంపెనీ సర్వీసువాళ్లనే అడగండి. లేకపోతే మీ వరుస ఇదీ: ముందు సబ్బునీళ్లతో కడిగి రింగు వదులవుతుందేమో చూడండి. వదులైతే రింగు అదే ఉంచి, వెనకున్న నంబరు పట్టుకుని ఇన్‌సర్ట్ ఒక్కటి తెప్పించండి. కడిగినా గట్టిగానే ఉంటే దాంతోపాటు రబ్బరు రింగు కూడా ఆర్డర్ పెట్టండి, బహుశా అదే ఉబ్బిపోయి ఉంటుంది.